కౌంటరులో మనసు కుదురుగా ఉండటానికి: 2025 జూన్ నుంచి నవంబరు దాకా అలవాట్ల డైరీ

నేను ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండల కేంద్రంలో, బ్యాంకు శాఖలో సింగిల్ విండో కౌంటరు చూస్తున్నాను. నగదు కట్టించుకోవడం, చెల్లించడం, పాస్‌బుక్కు ముద్రించడం, ఆధార్ జోడించడం, నామినీ పేరు ఎక్కించడం, ఇవన్నీ ఒకే కుర్చీలో జరుగుతాయి. పనివేళల్లో చిరాకు తగ్గి, ఇంటికి వెళ్ళేసరికి కాస్త ఉత్సాహం మిగిలేలా కొన్ని రోజువారీ అలవాట్లను ప్రయత్నించి చూశాను. ఏది నిలిచింది, ఏది ఎందుకు పడిపోయింది, దేన్ని ఎలా మార్చవలసి వచ్చింది అన్నది ఇతర శాఖల్లోని వారికి, మీసేవ కేంద్రాల్లో, ఆసుపత్రి ఓపీ చీటీల దగ్గర, బస్టాండు కౌంటర్లలో రోజంతా జనంతో మాట్లాడే పని ఉన్నవారికి పనికివస్తుందని దశలవారీగా రాస్తున్నాను.

పరికరాలు

1. రూళ్ళ నోటుపుస్తకం ఒకటి, 40 రూపాయలు.
2. గోడ క్యాలెండరు. దీనికి ఖర్చు లేదు, మా శాఖే ఖాతాదారులకు పంచుతుంది.
3. రద్దయిన ఓచర్లు. వెనుకవైపు గీతలు గీసి లెక్కపెట్టడానికి.
4. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐదు ప్రశ్నల మానసిక క్షేమ సూచిక, డబ్ల్యూహెచ్‌ఓ-5. ఇది ఉచితం.

దశ 1: కొలత

మొదట రోజూ సాయంత్రం బయలుదేరే ముందు ఆ రోజుకు 1 నుంచి 5 వరకు ఒక మార్కు వేసుకున్నాను. రెండు వారాల మార్కులను వరుసగా చూస్తే అవన్నీ ఒకే విషయాన్ని అనుసరిస్తున్నాయని తేలింది. నగదు టాలీ అయిన (చేతిలోని డబ్బు లెక్కతో సరిపోయిన) రోజు 4, వంద రూపాయలు తక్కువ వచ్చిన రోజు 1. మధ్యాహ్నం దాకా ఎంత హాయిగా గడిచినా, తగ్గిన డబ్బు జేబులోంచి కట్టవలసి వచ్చేసరికి ఆ రోజంతా చెడ్డరోజుగానే నమోదవుతోంది. అంటే నేను కొలుస్తున్నది నా మనఃస్థితిని కాదు, క్యాష్ బాక్సును. అందుకని మార్కును రెండుగా విడదీశాను: భోజన విరామంలో ఒకటి, టాలీ అయ్యాక ఒకటి. ఈ మార్పు తర్వాతే అంకెలు ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టాయి.

పక్షానికొకసారి డబ్ల్యూహెచ్‌ఓ-5 నింపాను. గడచిన రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, చురుకుగా ఉన్నానా, నిద్ర లేచేసరికి సేదదీరినట్టు అనిపించిందా, రోజులో ఆసక్తి కలిగించే విషయాలు ఉన్నాయా అన్న ఐదింటికి 0 నుంచి 5 వరకు మార్కులు వేసి, వచ్చిన మొత్తాన్ని 4తో గుణిస్తే 100కి లెక్క వస్తుంది. 50 లేదా అంతకన్నా తక్కువ వస్తే డాక్టరును కలవడం మంచిదని, 10 పాయింట్ల తేడా ఉంటేనే దాన్ని చెప్పుకోదగ్గ మార్పుగా చూడాలని ఈ సూచికను వాడేవారు అంటారు. జూన్ 1న నాకు 40 వచ్చింది.

ఇందులోనూ ఒక చిక్కు ఎదురైంది. మా పనికి నెలలో ఆటుపోట్లు ఉంటాయి. ఎన్టీఆర్ భరోసా పింఛన్లను ఒకటో తేదీన ఇంటింటికీ పంచడానికి గ్రామ సచివాలయాల సిబ్బంది నెల చివరి పని దినాన నగదు తీసుకుపోతారు. ఒకటి నుంచి అయిదు వరకు జీతాలు, విశ్రాంత ఉద్యోగుల పింఛన్లు ఉంటాయి. పదో తేదీ దాటాక హాలు కొంత ఖాళీ అవుతుంది. ఇలాంటి చోట నెలాఖరు అంకెను పదిహేనో తేదీ అంకెతో పోల్చి బాగుపడ్డానని సంబరపడితే ఆ లెక్కకు అర్థం లేదు. అందువల్ల పదిహేనో తేదీని పదిహేనుతోనే, నెలాఖరును నెలాఖరుతోనే పోల్చాలని నియమం పెట్టుకున్నాను.

ఇప్పటిదాకా మొత్తం: మొదలుపెట్టిన అలవాట్లు 0, ఖర్చు 40 రూపాయలు, రోజుకు సమయం 2 నిమిషాలు.

దశ 2: గాజుకు అంటించిన వాక్యం

"ఈ రోజు నేను ప్రతి ఒక్కరితో చిరునవ్వుతో మాట్లాడతాను" అన్న వాక్యాన్ని రంగుల్లో ముద్రించి, నాకు మాత్రమే కనిపించేలా కౌంటరు గాజుకు లోపలివైపు అంటించి, పని మొదలయ్యే ముందు మూడుసార్లు చదివేదాన్ని. తొలి వారం భోజన విరామపు మార్కు సగటు 2.8, రెండో వారం 2.3. వరుసలో ఒకరు గొంతు పెంచినప్పుడు నా కళ్ళు ఆ కాగితం మీదికే వెళ్ళేవి, నేను మాట తప్పానన్న భావన చిరాకుకు తోడయ్యేది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదని చదివితే తెలిసింది. 2009లో కెనడా పరిశోధకులు కొందరు చేసిన ప్రయోగంలో, తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్నవారు తమను తాము మెచ్చుకునే వాక్యాన్ని పదేపదే అనుకున్నప్పుడు వారి మనఃస్థితి మెరుగుపడలేదు సరికదా, ఇంకా దిగజారింది. నమ్మకం లేని మాటను మనసుకు చెబితే అది వెంటనే దానికి వ్యతిరేకమైన ఉదాహరణలను వెతికి పెడుతుంది. పైగా పైకి తెచ్చిపెట్టుకున్న నవ్వు కౌంటరు ఉద్యోగికి మరింత శ్రమ. నవ్వు మొహాన ఉన్నంతసేపూ లోపలున్న విసుగు ఎక్కడికీ పోదు, సాయంత్రం ఇంట్లో పిల్లల మీదికి దిగుతుంది.

కాగితం తీసేశాను. జూన్ 15 సూచిక 36.

ఇప్పటిదాకా మొత్తం: మొదలుపెట్టినవి 1, నిలిచినవి 0, ఖర్చు 50 రూపాయలు, రోజుకు 2 నిమిషాలు.

దశ 3: మంచి సంగతుల పుస్తకం

రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు రాయడం అందరూ చెప్పే పద్ధతి. నా నోటుపుస్తకంలో పేజీలు ఇలా నిండాయి: "సర్వర్ ఆగలేదు", "జనం తక్కువ", "టాలీ అయింది". మర్నాడు అవే, ఆ మర్నాడూ అవే. నిద్ర కళ్ళతో రాసే ఈ మూడు ముక్కలకు హాజరు పట్టీలో సంతకం పెట్టడానికీ తేడా కనిపించలేదు.

తీరా అసలు పద్ధతిని చదివి చూస్తే, మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవారు మూడు సంగతులతో ఊరుకోలేదు, ప్రతి సంగతి ఎందువల్ల జరిగిందో కూడా రాశారు. ప్రచారంలో జారిపోయిన భాగం అదే. "జనం తక్కువ" అన్నదానికి నేను రాయగలిగే కారణం ఏమీ ఉండదు, కాబట్టి కారణం రాయాలన్న షరతు పెట్టగానే అలాంటివి వాటంతటవే రాలిపోయాయి.

మార్చిన విధానం ఇది:

1. మూడు మాని ఒక్కటే రాయాలి.
2. అది పూర్తయిన పని కావాలి, దానిలో నా చేయి ఉండాలి.
3. ఎందువల్ల కుదిరిందో ఒక వాక్యం రాయాలి.
4. రాత్రి ఇంట్లో కాకుండా, నగదు అప్పగించి డే ఎండ్ (ఆ రోజు లెక్కల ముగింపు) కోసం ఎదురుచూసే ఖాళీలో, కౌంటరులోనే రాయాలి.

జూన్ చివరి వారంలోని ఒక నమోదు: "వేలిముద్ర పడక రెండుసార్లు తిరిగి వెళ్ళిన పెద్దాయనకు ఇవాళ చెల్లింపు అయింది. కారణం: బొటనవేలు మాని ఉంగరం వేలు ప్రయత్నించాం, ముందు తడిగుడ్డతో తుడిపించాం." ఇది మనసుకు ఊరట ఇవ్వడంతో పాటు ఒక పనికొచ్చే చిట్కాను మిగిల్చింది. పలుగూ పారా పట్టి చేతులు అరిగిన రైతులకు, కూలీలకు ఇప్పుడు మొదటినుంచే తడిగుడ్డ ఇస్తున్నాను. ఇలాంటి నమోదులు పాతిక చేరాక, ఈ పుస్తకం నా పనికి ఒక చిన్న మార్గదర్శినిలా తయారైంది. కొత్తగా చేరిన క్లర్కు దాన్ని అడిగి తీసుకుని చదివారు.

జూన్ 30 సూచిక 36. అంకెలో మార్పు లేదు.

ఇప్పటిదాకా మొత్తం: మొదలుపెట్టినవి 2, మార్పుతో నిలిచింది 1, ఖర్చు 50 రూపాయలు, రోజుకు 5 నిమిషాలు.

దశ 4: చిరాకు ఎక్కడ పుడుతోంది

మనసును సరిచేసే ప్రయత్నం కాసేపు పక్కన పెట్టి, విసుగు పుట్టే చోట్లను లెక్కపెట్టాను. రద్దయిన ఓచరు వెనుక ఐదు గడులు గీసి, ఒక వారం పాటు విసుగు వచ్చిన ప్రతిసారీ కారణం ఉన్న గడిలో ఒక గీత గీశాను. వారాంతానికి లెక్క ఇలా ఉంది:

- 436 రూపాయలు లేదా 20 రూపాయలు ఎందుకు తగ్గాయన్న ప్రశ్న: 61
- ఫారం తప్పుగా నింపడం, పెన్ను అడగడం: 48
- చిల్లర లేకపోవడం: 22
- పాస్‌బుక్ ప్రింటరు ఇరుక్కోవడం: 17
- గొడవ, గొంతు పెంచడం: 6

గొడవలు ఆరే ఉన్నాయన్నది నాకు ఆశ్చర్యం కలిగించింది. రోజూ గుర్తుండిపోయేవి అవే కావడంతో, పని అంతా గొడవే అన్నట్టు ఇంట్లో చెప్పుకునేదాన్ని. నిజానికి ఒంట్లో సత్తువ లాగేస్తున్నవి చిన్నచిన్నవీ, ముందుగానే తెలిసినవీ.

మొదటి గడి సంగతి తెలియనివారికి: ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏటా 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు మే నెల చివర్లో ఖాతాలోంచి తగ్గుతాయి. జూన్ అంతా పాస్‌బుక్కు ముద్రించుకున్న ప్రతివారూ ఆ గీత మీద వేలు పెట్టి అడుగుతారు.

"అమ్మా, నాలుగొందల ముప్ఫై ఆరు ఎవరు తీసుకున్నారమ్మా? నేను రాలేదు, సంతకం పెట్టలేదు."

ఒక్కొక్కరికి వివరించడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇరవయ్యో మనిషికి అదే మాట చెప్పేటప్పుడు నా గొంతులో వచ్చే పొడితనం నాకే వినిపించేది. అడిగేవారి తప్పేమీ లేదు, వారికి ఆ ప్రశ్న మొదటిసారే కదా.

ఒక కాగితం మీద వివరం రాసి కౌంటరు పక్కన పెట్టాను. అది పనిచేయలేదు. అక్షరాలు చిన్నవి, కౌంటరు దాకా వచ్చినవారు కాగితం చదవరు, మనిషినే అడుగుతారు. రెండో నమూనాలో మూడు మార్పులు చేశాను:

1. పైన "436" అని, "20" అని అరచేయంత అంకెలు వేశాను. చదువు రానివారు కూడా పాస్‌బుక్కులోని అంకెను దానితో పోల్చుకోగలరు.
2. కింద నాలుగే వాక్యాలు: ఇది బీమా; 436 ఏ కారణంతో మరణించినా 2 లక్షలు, 20 ప్రమాదానికి 2 లక్షలు; ఏటా మే నెలలో తగ్గుతుంది; వద్దనుకుంటే రాసివ్వవచ్చు.
3. కౌంటరు దగ్గర కాకుండా వరుసలో మూడో మనిషి నిలబడే చోట, కంటి ఎత్తులో గోడకు అంటించాను.

మూడో మార్పే అసలు మందు. వరుసలో ఎదురుచూసేవారికి చదవడానికి తీరిక ఉంటుంది, చదివినవారు పక్కవారికి చెబుతారు. తర్వాతి వారం లెక్కలో ఆ గడిలో 19 గీతలు పడ్డాయి. కాలం గడిచేకొద్దీ ఆ ప్రశ్న ఎలాగూ తగ్గుతుంది కాబట్టి మొత్తం ఘనత కాగితానిదే అనలేను. అసలు పరీక్ష వచ్చే జూన్‌లో జరుగుతుంది.

మిగిలిన గడుల కోసం ఉదయం సిద్ధపడే అలవాటు మొదలుపెట్టాను. తొమ్మిదిన్నరకు వచ్చి అన్నీ సర్దుకోవాలన్నది తొలి ఆలోచన. అది నిలవలేదు. స్ట్రాంగ్ రూము (నగదు భద్రపరిచే గది) తెరవడానికి రెండు తాళాల వారూ ఉండాలి, వారిలో ఒకరి బస్సు ఆలస్యమైతే నా సర్దుబాటంతా చెదిరిపోతుంది, ఈలోగా షట్టరు బయట నిలబడ్డవారు పిలుస్తుంటారు. అందుకని పనిని రెండు ముక్కలు చేశాను.

ముందురోజు సాయంత్రం:

1. స్టాంపు ప్యాడ్ తడి చూసి, తేదీ ముద్రను మర్నాటి తేదీకి తిప్పడం.
2. జమ, విత్‌డ్రాయల్ ఫారాలు యాభై చొప్పున బల్ల మీద పెట్టి, నింపిన నమూనా ఒకటి అద్దం కింద ఉంచడం.
3. దారం కట్టిన పెన్నులు రెండూ రాస్తున్నాయో లేదో గీసి చూడటం.

ఉదయం, నగదు అందుకోగానే:

4. హెడ్ క్యాషియరును అడిగి 10, 20, 50 రూపాయల ప్యాకెట్లు తీసుకోవడం.
5. పనికిరాని పాస్‌బుక్కు మీద ఒక వరుస ముద్రించి ప్రింటరు సంగతి చూడటం.

జులై 15 సూచిక 44. పదిహేనుతో పదిహేను పోలిస్తే 8 పెరిగింది, చెప్పుకోదగ్గ మార్పుకు ఇంకా రెండు తక్కువ.

ఇప్పటిదాకా మొత్తం: మొదలుపెట్టినవి 3, నిలిచినవి 2, ఖర్చు 140 రూపాయలు (ముద్రణ, లామినేషన్, పెన్నులు), రోజుకు 15 నిమిషాలు.

దశ 5: లింకు పోయినప్పుడు

సర్వర్ ఆగితే ఓపికగా ఉండాలన్నది నా మొదటి నియమం. ఇందులో చేయవలసిన పని ఏదీ లేదు కాబట్టి నేను తెర వైపు చూస్తూ కూర్చునేదాన్ని, వరుస నన్ను చూస్తూ ఉండేది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో వివరించిన "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అన్న పద్ధతిలో దాన్ని తిరగరాశాను: తెర రెండు నిమిషాలు కదలకపోతే, క్యాష్ బాక్సు తాళం వేసి, లేచి వరుస దగ్గరికి వెళ్ళి చెబుతాను.

ఏం చెప్పాలన్నదాంట్లో కూడా ఒక సవరణ అవసరమైంది. మొదట "పది నిమిషాల్లో వచ్చేస్తుంది" అనేదాన్ని. అది నా చేతిలో ఉన్న విషయం కాదు, ముప్పావుగంట గడిచిన రోజు ఆ మాటే నా మెడకు చుట్టుకుంది. ఇప్పుడు చెప్పే మాటలు నాలుగు: లింకు పోయింది, జమ చేసేవారు ఫారాలు నింపి ఉంచుకోవచ్చు, టోకెను వరుస మారదు, పావుగంటకోసారి నేనే వచ్చి సంగతి చెబుతాను. చివరిది నేను నిలబెట్టుకోగల మాట. ఆ మాట విన్న ఒక ఖాతాదారుడు, "ఇదేదో ముందే చెప్తే బజార్లో పనన్నా చూసుకుని వచ్చేవాళ్ళం కదమ్మా" అన్నారు. ఆయన నిష్ఠూరంలో నాకు దొరికిన సమాచారం ఏమిటంటే, జనానికి ఆలస్యం కన్నా కదలలేక నిలబడిపోవడం ఎక్కువ బాధ.

గొంతు పెంచేవారి విషయంలోనూ ఇలాంటి సూత్రమే రాసుకున్నాను. కోపంగా మాట్లాడితే, జవాబు చెప్పే ముందు పాస్‌బుక్కు చేతిలోకి తీసుకుని అందులో ఉన్న పేరు చదివి, పేరుకు "గారు" చేర్చి పిలుస్తాను. ఇందులో మర్యాద ఎంత ఉందో, ఆ నాలుగు క్షణాలు నేను నోరు మూసుకుని ఉండే వీలు అంత ఉంది.

ఆగస్టు 15 సూచిక 52. మొదటిసారి 50 దాటింది.

ఇప్పటిదాకా మొత్తం: మొదలుపెట్టినవి 4, నిలిచినవి 3, ఖర్చు 140 రూపాయలు, రోజుకు 15 నిమిషాలు.

దశ 6: నీళ్ళు, నడక, ఒక రక్తపరీక్ష

ఈ దశ కొంత వెనుక నుంచి మొదలవుతుంది. తొలి సూచిక 40 రావడంతో జూన్‌లోనే డాక్టరును కలిశాను. హిమోగ్లోబిన్ 9.8 ఉందని తేలింది. గర్భవతులు కాని మహిళల్లో అది కనీసం 12 ఉండాలి. జులై మొదటి వారం నుంచి ఐరన్ మాత్రలు వాడుతున్నాను. పై దశల్లో పెరిగిన అంకెల్లో అలవాట్ల వాటా ఎంత, మాత్రల వాటా ఎంత అన్నది నేను విడదీయలేను. మన రాష్ట్రంలో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది కాబట్టి, ఈ డైరీని అనుసరించాలనుకునే మహిళా ఉద్యోగులు నోటుపుస్తకం కన్నా ముందు ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది. సానుకూల దృక్పథం లేదని మనల్ని మనం తిట్టుకునే రోజుల్లో కొన్ని రక్తం తక్కువైన రోజులు.

టీ, కాఫీలు ఐరన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. మాత్రను ఉదయం వేసుకుంటే పదకొండు గంటల టీ దూరంగానే ఉంటుంది, అందుకే దాని వేళను అలా నిర్ణయించుకున్నాను.

నీళ్ళ విషయానికి వస్తే, కౌంటరులో కూర్చునే ఆడవాళ్ళు నీళ్ళు తక్కువ తాగడానికి కారణం అందరికీ తెలిసిందే: లేవాలంటే క్యాష్ బాక్సుకు తాళం వేయాలి, కంప్యూటరులోంచి బయటికి రావాలి, ఆ రెండూ చేస్తుండగా వరుసలోంచి వచ్చే మాటలు వినాలి. గంటకోసారి ఫోనులో గంట మోగేలా పెట్టుకున్నాను. గంట మోగినప్పుడల్లా చేతిలో ఎవరిదో ఒకరి డబ్బు ఉండేది, మూడు రోజుల్లో దాన్ని వినడం మానేశాను.

గడియారాన్ని వదిలి, పనిలోనే ఒక సంకేతం వెతికాను. కౌంటరులో నిల్వ పరిమితి దాటిన నగదును మధ్యాహ్నం లోగా ఒకసారి, మూడు గంటల ప్రాంతంలో ఒకసారి హెడ్ క్యాషియరుకు అప్పగిస్తాం. ఆ సమయంలో పెట్టె ఎలాగూ మూసి ఉంటుంది, రిజిస్టరులో సంతకాలు అవుతుంటాయి, వరుసకు కూడా అది అలవాటైన ఆగుడే. అప్పగింత అయితే లేవడం, లేచి వచ్చి ఒక గ్లాసు నీళ్ళు తాగడం. ఇది రెండో వారానికే కుదిరిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి 18 నుంచి 254 రోజుల దాకా పట్టిందని, మధ్యస్థం 66 రోజులని తేలింది. వారు కూడా ప్రతి అలవాటునూ రోజులో అప్పటికే ఉన్న ఒక సందర్భానికి ముడివేయించారు. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం లేదని కూడా వారు గమనించారు. ఈ రెండో మాట తెలిశాక క్యాలెండరులో ఖాళీ గడులను ఎర్ర సిరాతో కొట్టడం మానేశాను.

భోజనం తర్వాత పది నిమిషాల నడక మాత్రం నిలవలేదు. మా విరామం అరగంట, అదీ వంతులవారీగా. క్యారేజీ విప్పి, తిని, కడుక్కునేసరికి మిగిలేది అయిదారు నిమిషాలు. ఆగస్టు ఎండలో శాఖ ముందున్న రోడ్డు మీద నడవడం విశ్రాంతి అనిపించుకోదు. దాన్ని వదిలేశాను.

ఇప్పటిదాకా మొత్తం: మొదలుపెట్టినవి 6, నిలిచినవి 4, వదిలేసినవి 2, ఖర్చు 140 రూపాయలు (వైద్యం ఖర్చు కలపలేదు), రోజుకు 18 నిమిషాలు.

దశ 7: సాయంత్రం చీటీ, రాత్రి ఫోను

ఆగస్టు చివరికి సూచికలోని ఐదు ప్రశ్నలను విడివిడిగా చూస్తే నాలుగు పెరిగాయి, "నిద్ర లేచేసరికి సేదదీరినట్టు ఉందా" అన్నది మాత్రం 1 దగ్గరే ఆగిపోయింది. రాత్రుళ్ళు మగత నిద్రలో ఎవరి ఫారమో మిగిలిపోయిందని గుర్తొచ్చి లేచేదాన్ని. మిగిలిపోయిన పనికి ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా రాసిపెట్టుకుంటే అది మధ్యలో వచ్చి కెలకడం తగ్గుతుందని 2011లో వచ్చిన ఒక ప్రయోగం చెబుతుంది. దాని ప్రకారం చీటీ మొదలుపెట్టాను.

తొలి చీటీలు పనుల జాబితాలు: "నామినీ ఫారం", "సంఘం లోను", "ప్రింటరు". ఇవి ఆందోళనను కాగితం మీదికి దించాయే గానీ తగ్గించలేదు. తర్వాత ప్రతి పనికీ మూడు భాగాలు పెట్టాను: ఎక్కడ ఆగింది, తొలి అడుగు ఏమిటి, ఎన్నింటికి. ఉదాహరణకు, "పొదుపు సంఘం లోను: తీర్మానం నకలు రాలేదు; అధ్యక్షురాలికి ఫోను; ఉదయం 10.30." ఈ చీటీని మర్నాటి తేదీ ముద్ర కింద పెట్టి వస్తాను. ఇంటికి తీసుకురాను.

ఫోను విషయం సగమే తేలింది. రాత్రి తొమ్మిది తర్వాత ఆపేయాలనుకున్నాను. కానీ తాళాల వారెవరైనా సెలవు పెడితే ఆ కబురు రాత్రే వస్తుంది, అది అందకపోతే మర్నాడు శాఖ తెరవడమే ఆలస్యమవుతుంది. వాట్సాప్‌లో టార్గెట్ల సందేశాలు వచ్చే గ్రూపులను మూగవి చేసి, కాల్స్ మాత్రం ఉంచాను, అత్యవసరమైతే ఫోను చేయమని మేనేజరుగారికి చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. అయినా పది గంటలకు ఒకసారి గ్రూపు తెరిచి చూసే చేయి ఇంకా ఆగలేదు.

సెప్టెంబరు 15 సూచిక 56, సెప్టెంబరు 30 సూచిక 44. ఆ పక్షంలో అర్ధ సంవత్సరపు ముగింపు, పంచాయతీల్లో జన్‌ధన్ ఖాతాల రీ-కేవైసీ (గుర్తింపు వివరాలు మళ్ళీ తీసుకునే) శిబిరాల చివరి రోజులు కలిసి వచ్చాయి. శిబిరంలో కౌంటరు ఉండదు, నగదు అప్పగింత ఉండదు, సాయంత్రం బల్ల సర్దడమూ ఉండదు. సంకేతాలన్నీ పోవడంతో అలవాట్లన్నీ ఒక్కసారిగా జారిపోయాయి. అక్టోబరులో కుర్చీకి తిరిగి రాగానే వాటంతటవే తిరిగొచ్చాయి.

ఇప్పటిదాకా మొత్తం: మొదలుపెట్టినవి 8, నిలిచినవి 5, సగం కుదిరింది 1, వదిలేసినవి 2, ఖర్చు 140 రూపాయలు, రోజుకు 22 నిమిషాలు.

దశ 8: నెలాఖరు

పదిహేనో తేదీ అంకెలు ఎక్కుతున్నా నెలాఖరువి కుంటుతున్నాయి. కారణం సచివాలయాల నగదు. సాధారణ పింఛను 4,000 రూపాయలు కావడంతో పంచేవారికి మనిషికి ఎనిమిది అయిదువందల నోట్లు సరిపోతాయి. ఐదువందల పింఛన్లున్న సచివాలయానికి సుమారు 20 లక్షలు, అంటే 40 ప్యాకెట్లు. వాటిలో రెండువందల నోట్లు కలిపి ఇస్తే వారు మళ్ళీ వచ్చి మార్చమంటారు, ఆ సమయానికి వరుస గుమ్మం దాటి ఉంటుంది.

అక్టోబరు నుంచి చేస్తున్నది:

1. 26వ తేదీ ప్రాంతంలో ఒక పని దినాన ఒక్కో సచివాలయానికి ఫోను చేసి మొత్తం, నోట్ల వివరం రాసుకోవడం.
2. ఆ పట్టీని అదే రోజు హెడ్ క్యాషియరుకు ఇచ్చి అయిదువందల నోట్లను పక్కన పెట్టించడం.
3. చివరి రోజు ఎవరు ఏ గంటకు రావాలో ముందే చెప్పడం.
4. ఆ రోజు పూర్తయిన పని నమోదులో ఈ చెల్లింపులనే రాయడం.

మూడోదాన్ని అందరూ పాటించరు. సగం మంది పాటించినా హాలులో రద్దీ తెలిసేంతగా తగ్గింది. అక్టోబరు 31 సూచిక 56, ఆగస్టు నెలాఖరున అది 48. అక్టోబరులో దసరా, దీపావళి సెలవులు ఉన్న సంగతి ఈ అంకె పక్కన రాసిపెట్టాను.

అంకెలన్నీ ఒకచోట

- పదిహేనో తేదీ: జూన్ 36, జులై 44, ఆగస్టు 52, సెప్టెంబరు 56, అక్టోబరు 60, నవంబరు 60
- నెలాఖరు: జూన్ 36, జులై 40, ఆగస్టు 48, సెప్టెంబరు 44, అక్టోబరు 56
- భోజన విరామపు మార్కు సగటు: జూన్‌లో 2.5, నవంబరులో 3.6
- టాలీ తర్వాతి మార్కు సగటు: జూన్‌లో 2.6, నవంబరులో 2.9

చివరి వరుసను గమనించండి. నగదు తక్కువ వచ్చిన రోజు మార్కు అప్పటిలాగే ఉంది. డబ్బు పోయిన బాధను తగ్గించే అలవాటు నాకు దొరకలేదు, చెల్లించే ముందు ప్యాకెట్టును రెండోసారి యంత్రంలో వేయడం తప్ప.

ప్రస్తుతం

తదుపరి కొలత డిసెంబరు 15న. జనవరి నుంచి నన్ను బంగారు రుణాల బల్లకు మారుస్తున్నారు. అక్కడ నగదు అప్పగింత ఉండదు కాబట్టి నీళ్ళ అలవాటుకు కొత్త సంకేతం వెతకాలి. అప్రైజరు (బంగారానికి విలువ కట్టేవారు) నగలు తూచే సమయంలో లేవడానికి వీల్లేదు, తూకం నా కళ్ళముందే జరగాలి. నగల సంచికి సీలు వేసి, సేఫులో పెట్టి, రిజిస్టరులో ఎక్కించాక వచ్చే విరామాన్ని ప్రయత్నిస్తాను. 436 కాగితాన్ని మాత్రం ఈ కౌంటరుకు వచ్చేవారికి అప్పగించి వెళ్తున్నాను, మే నెలాఖరున తిరిగి అంటించాలని వెనుక రాసిపెట్టాను.